ఎడమ సీటు కింద నీళ్లు

మా కారు పాతదని నాకు గుర్తు చేయడానికి ఈ ఊళ్లో జనం పడే శ్రమ అంతా ఇంతా కాదు. నాకు తెలియదని వాళ్ల అనుమానం కాబోలు. వైట్‌ఫీల్డ్‌లో పెద్ద అపార్ట్‌మెంట్ల గేటు దగ్గర సెక్యూరిటీవాళ్లు నన్ను డెలివరీవాళ్ల దారిలోకి మళ్లిస్తారు. లోపలికి వెళ్తే, పడవంత కారు కొని దాన్ని ఎలా తిప్పాలో తెలియక అడ్డంగా నిలబెట్టినవాళ్లు "ఇంకా ఇదేనా మేడమ్?" అని జాలిగా అడుగుతారు. అవును, ఇదే. సందుల్లో దూరుతుంది, ఎక్కడ చోటుంటే అక్కడ ఒదుగుతుంది. కుందలహళ్ళి సిగ్నల్ దగ్గర వాళ్ల కారు ఎంతసేపు నిలబడుతుందో నాదీ అంతసేపే నిలబడుతుంది. వాళ్లది అద్దాలెత్తుకుని నిలబడుతుంది, అంతే తేడా.

నేను పట్టుచీరలు అమ్ముతాను. ఆ కారే నా దుకాణం. మాది పాత బెంగళూరు. తాతల నాడు మగ్గాలుండేవి, తర్వాత చీరల కొట్టు అయింది, నాన్న పోయాక ఆ కొట్టు అన్నయ్యది అయింది. ఆడపిల్లకు చీర పెట్టి పంపుతారు గానీ చీరల కొట్టు పెట్టి పంపరు కదా. పెళ్లయి కొన్నేళ్లు ఊరికే కూర్చుని, కూర్చోలేక, నేతవాళ్ల దగ్గర నేరుగా సరుకు తెచ్చుకోవడం మొదలుపెట్టాను. పాత దుప్పట్లలో మూటలు కట్టి, వెనక సీట్లో వేసుకుని, సాఫ్ట్‌వేర్ ఉద్యోగులుండే ఇళ్లకు వెళ్లి, వాళ్ల హాల్లో కింద చాప వేసి పరుస్తాను. వాళ్లు సోఫాలో కూర్చుని చూస్తారు. బేరం బాగానే సాగుతుంది. ఎవరి దగ్గరా చెయ్యి చాచలేదు.

ఆ ఏడు వరమహాలక్ష్మి పండుగ ముందు వెనక సీటు నిండిపోయి, ఒక మూటను ముందు ఎడమ సీటు కింద, కాళ్లు పెట్టుకునే చోట పెట్టాను. దారిలో గట్టి వాన. కారులో నీళ్లు దూరుతున్నాయని నాకు తెలిసింది ఆ రోజే, అది కూడా నలుగురు ఆడవాళ్ల ముందు. మూట విప్పి, మంచి చిలకాకుపచ్చ చీర ఒకటి తీసి బారుగా పరిచాను. సగం చీర మీద నీళ్ల చార. తడిసిన గోనెసంచి వాసన. ఆ ఇంటావిడ చీర కొసను ముక్కు దగ్గరకు తీసుకుని, కింద పెట్టి, లోపలికి వెళ్లి చేతులు కడుక్కొచ్చింది. కడుక్కుంటే కడుక్కుంది, నా ముందే తుడుచుకోవాలా?

ఆ నలుగురిలో ఒకావిడ మా అన్నయ్య కొట్టుకు కూడా వెళ్తుంది. సాయంత్రానికి ఫోన్ వచ్చింది.

"కార్లో పెట్టుకోని ఇల్లిల్లూ తిరిగేదేమి మా? మనింటి పేరు ఏమి కావాల? చాలించు. విజయదశమికి వచ్చి మన అంగడ్లో కూర్చో. నీ దగ్గర తీసుకునేవాళ్లనీ ఈడికే రమ్మని చెప్పు."

"నా కారుకేమన్నా, బాగుండాది."

"బాగుంటే చీరెలు యాల తడుస్తాయి మా?"

నాకు కోపం వస్తే మాట ముందు, బుద్ధి వెనక. "దసరా నాటికింకా ఆ కార్లో ఒక్క చుక్క నీళ్లు దూరతా ఉంటే చూడు, నేనే వచ్చి నీ అంగడ్లో కూర్చుంటా" అన్నాను. ఫోన్ పెట్టేశాక గానీ ఏమన్నానో తెలియలేదు. మా ఇంట్లో మాటంటే మాటే. అన్నయ్య దాన్ని వడ్డీతో సహా గుర్తుపెట్టుకునే రకం.

ఆ కొట్లో కూర్చోవడమంటే ఏమిటో నాకు బాగా తెలుసు. గల్లాపెట్టె దగ్గర అన్నయ్య, పక్కన వదిన, ముందు చీరలు విసిరి పరిచే పనివాళ్లు. నాకు మూలన ఒక స్టూలు వేస్తారు. పరిచిన చీరలు మడత పెట్టడం నా వంతు. ఇన్నేళ్లూ నేను సంపాదించుకున్న మనుషులు వచ్చి అన్నయ్య ముందు కూర్చుంటారు. నా మనిషికి నేను ధర తగ్గించాలన్నా ఆయన మొహం చూడాలి. చీరలు మడత పెట్టడంలో తప్పులేదు. కానీ ఆయన దయ మీద ఒక్క చీర కూడా మడత పెట్టను.

కాబట్టి నీళ్లు ఆపాలి. ముందు సర్వీస్ సెంటర్‌కు వెళ్లాను, బుద్ధిమంతురాలిలాగా. అక్కడ మెడలో ట్యాగు వేసుకున్న మనిషి నేను చెప్పేదంతా విని, నా భుజం మీదుగా వెనక్కి చూసి, "సార్ రాలేదా మేడమ్?" అన్నాడు. సార్ రాలేదు. సార్‌కు బానెట్ ఎత్తడం కూడా రాదు. అయినా ఆయనకు ఫోన్ చేసి నేను చెప్పిందే మళ్లీ అడిగి, ముందు అద్దం చుట్టూ రబ్బరు పోయిందని తేల్చారు. రబ్బరు మార్చి, కారంతా ఏదో పూల వాసన కొట్టి ఇచ్చారు. మర్నాటి వానకు నీళ్లు వచ్చాయి, ఈసారి పూల వాసనతో. మళ్లీ వెళ్తే ఆ ట్యాగు మనిషి, "పాత కారు కదా మేడమ్, అంతే ఉంటుంది. పక్కనే కొత్త మోడల్ ఉంది, ఒకసారి చూసి వెళ్లండి" అన్నాడు. ఆడలేక మద్దెల ఓడన్నట్టు, కారు బాగుచేయలేనివాడికి కారే తప్పు.

ఇక మా ఆయన. గుంటూరు నుంచి ఉద్యోగానికి వచ్చి ఈ ఊళ్లో స్థిరపడ్డారు. ఎలక్ట్రానిక్ సిటీలో ఆఫీసు. మంచి మనిషి. ఆ చేతులు కీబోర్డు తప్ప మరేదీ నొక్కలేదు. నా కష్టం చూసి తనవంతు సాయంగా ఫోన్‌కు వీడియోలు పంపడం మొదలుపెట్టారు. మొదటి వీడియో సన్‌రూఫ్‌లోంచి నీళ్లు కారడం గురించి.

"మన కారుకి సన్‌రూఫ్ ఉండాదా?" అన్నాను.

"లేదనుకో. బట్ ప్రిన్సిపుల్ సేమ్ కదా. మనం ఫస్ట్ రూట్ కాజ్ ఐడెంటిఫై చెయ్యాలి."

రూట్ కాజ్ అట. ఆయన ఆఫీసులో ఆ మాట అంటే మీటింగ్ పెడతారు. నా కారులో ఆ మాటకు నీళ్లు తగ్గలేదు. చివరకు స్పానర్ల పెట్టె ఒకటి కొనుక్కొచ్చి, పాత నైటీ మీద ఆయన చొక్కా వేసుకుని, బేస్‌మెంట్‌లోకి నేనే దిగాను.

మొదట ఎడమ తలుపు మీద పడ్డాను. లోపలి అట్ట ఊడదీస్తే వెనక ప్లాస్టిక్ కాగితం ఒకటి ఉంటుంది, అది ఊడితే నీళ్లు లోపలికి వస్తాయని విన్నాను. అట్ట ఊడదీసేటప్పుడు సగం క్లిప్పులు విరిగాయి. వాటిని అంత పెళుసుగా చేసినవాడిని కాసేపు తిట్టుకున్నాను. కాగితం నిజంగానే ఒక మూల ఊడి ఉంది. అంటించాను. దొరికింది దొంగ అని సంబరపడ్డాను. వాన వచ్చింది, నీళ్లూ వచ్చాయి. తర్వాత కంటికి కనిపించిన ప్రతి సందులోనూ సిలికాన్ కూరాను. కారు మూలమూలా బంక కారి, ముక్కు కారే పిల్లమొహంలా తయారైంది. నీళ్లు మాత్రం తమ పద్ధతి మార్చుకోలేదు. ఏసీ పైపు మూసుకుపోయిందేమోనని అదీ చూశాను. ఏసీ వేసినా వేయకపోయినా తేడా లేదు, వాన పడితేనే నీళ్లు.

ఈలోపు అపార్ట్‌మెంట్ సెక్రటరీగారు దర్శనమిచ్చారు. రిటైరయ్యాక చేతిలో పనిలేక, అందరి పనుల్లోనూ చెయ్యి పెట్టే మనిషి. నేను కారు కింద పరచుకున్న పాత చీరను చెప్పు కొసతో చూపించి, "పార్కింగ్ అంటే పార్కింగేనమ్మా. గ్యారేజ్ కాదు. రూల్ ఉంది" అన్నారు. ఆయన కొడుకు కారు నీళ్లు బకెట్లకు బకెట్లు పోసి కడుగుతుంటే ఆ రూలు నిద్రపోతుంది. "అయిపోయింది సార్, ఇంకొక్క ఆదివారం" అని చెప్పాను. ఆయన ఒక ఫొటో తీసుకుని వెళ్లిపోయారు.

ఆ ఆదివారం ఇంకో ఉపాయం ఆలోచించాను. వాన కోసం కాచుకోవడం దేనికి, నేనే వాన అవుతాను. పొద్దున్నే కారును పైకి తెచ్చి, గేటు పక్కన ఎండలో పెట్టి, మా ఆయనను ఎడమ సీట్లో కూర్చోబెట్టి చేతికి టార్చ్ ఇచ్చాను. ఆయన గొడుగు కూడా తెచ్చుకున్నారు. కారు లోపలికి గొడుగు! ఏమనాలి? బకెట్టు, చెంబు తీసుకుని ఒక్కో చోటే నీళ్లు పోస్తూ వచ్చాను. కప్పు మీద పోశాను, "డ్రై" అన్నారు. తలుపు మీద పోశాను, "డ్రై." అద్దం మీద పైన పోశాను, "స్టిల్ డ్రై." అద్దం కింద, వైపర్లు పుట్టే చోట, నల్ల ప్లాస్టిక్ జల్లెడలా ఉంటుంది చూడండి, అందులోకి చెంబెడు పోశాను. ఏమీ రాలేదు. ఇంకో చెంబు పోశాను. ఆ నీళ్లు ముందు చక్రం వెనక నుంచి కిందికి కారిపోవాలి. అక్కడ చుక్క కూడా రాలలేదు. అంటే నీళ్లు లోపలెక్కడో ఆగుతున్నాయి. కోపంతో బకెట్టులో మిగిలిందంతా ఒక్కసారే కుమ్మరించాను.

"వస్తున్నాయి, వస్తున్నాయి! ఏసీ ఫ్యాన్ వైపు నుంచి వస్తున్నాయి, నా ఫోన్!" అని లోపల నుంచి కేక. గొడుగు ఆయన తలను కాపాడింది. నీళ్లు కాళ్ల మీద పడ్డాయి.

వైపర్ చేతుల మీద నట్లు తుప్పుపట్టి, బిగుసుకుని ఉన్నాయి. తుప్పు వదిలే స్ప్రే కొట్టి, టీ తాగి వచ్చి, అటూ ఇటూ ఊపితే ఊడాయి. తర్వాత ఆ నల్ల జల్లెడ. ఈసారి ఒక్క క్లిప్పూ విరగలేదు, రాసుకోండి. దాన్ని ఎత్తి చూస్తే కింద కారు లేదు, కుళ్లిన పూల గంప ఉంది. నల్లగా కుళ్లిన బంతిపూలు, మామిడాకు ముక్కలు, ఎండిన నిమ్మడొప్పలు, ముద్ద కట్టిన పసుపు కుంకుమ. ఒకచోట అక్షతల్లో కలిసిన వడ్లగింజ ఏదో మొలకెత్తింది కూడా. నీళ్లు పోయే కన్నాలు రెండు మూలలా ఉంటాయి. ఎడమ మూలదాంట్లోకి వేలు పెట్టాను, దిగలేదు. పాత టూత్‌బ్రష్ వెనకవైపుతో పొడిచాను, కదల్లేదు. చివరకు స్క్రూడ్రైవర్ కొస వంచి, కొక్కెంలా చేసి లాగితే, బెత్తెడు పొడవు ముద్ద ఒకటి బయటికి వచ్చింది. దాంట్లో ఏదో మెరిసింది.

పట్టుదారం. ఎర్రది, పచ్చది, ఒకదానిలో ఒకటి చిక్కుకుని. పూలు కుళ్లాయి, ఆకులు కుళ్లాయి, పట్టు కుళ్లలేదు. ఆ దారమే వలలా పరుచుకుని, వచ్చిన చెత్తనంతా పట్టుకుని కన్నానికి బిరడా బిగించింది. నీళ్లకు దారి లేక, పైకి నిండి, ఫ్యాన్ గాలి పీల్చే రంధ్రంలోంచి లోపలికి దిగుతున్నాయి.

ఆ దారం ఎక్కడిదో నాకు ఎవరూ చెప్పక్కర్లేదు. మా ఇంట్లో ఆయుధపూజకు ప్రతి పనిముట్టుకూ పసుపు రాసిన పట్టుపోగులు చుడతారు. తాతల కాలంలో మగ్గానికి, అటూ ఇటూ పోగు తిప్పే నాడెకు చుట్టేవారు. మగ్గాలు పోయాయి గానీ ఆచారం పోలేదు. ఇప్పుడు కత్తెరకూ, గజం బద్దకూ, బిల్లులు కొట్టే కంప్యూటర్‌కూ, కొట్టు ముందు వరసగా నిలబెట్టిన ఇంటిల్లిపాది వాహనాలకూ చుడతారు. ఇంటికి పెద్దవాడు కాబట్టి ఆ పని అన్నయ్యదే. కారుకు ఎక్కడ చుట్టాలో ఎవరూ చెప్పలేదు. అందుకని గాలికి ఎగిరిపోకుండా పోగుల కుచ్చును వైపర్ కింద జల్లెడలోకి వేలితో నొక్కి, దాని మీద గుప్పెడు పూలు, గుప్పెడు అక్షతలు వేస్తాడు. ఏటేటా వేస్తున్నాడు. నేను ఏటేటా చేతులు జోడించి నిలబడి చూస్తున్నాను. ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడని ఊరికే అన్నారా! నా కారును ఎవడు చెడగొట్టాడా అని ఊరంతా వెతికితే, దాన్ని వెక్కిరించిన పెద్దమనిషే వేలితో నొక్కి మరీ చెడగొట్టాడు.

రెండు మూలలా కన్నాలు శుభ్రం చేసి మళ్లీ బకెట్టుతో కుమ్మరించాను. చక్రం వెనక నుంచి నీళ్లు బడబడా నేల మీద పడ్డాయి. లోపల నుంచి "డ్రై" అని వినిపించింది. నాకు ఎంత సంతోషమేసిందంటే, ఆ తడి చొక్కాతోనే మా ఆయనను వాటేసుకున్నాను. గేటు దగ్గర సెక్రటరీగారు నిలబడి ఉన్నారు. ఫొటో తీసుకోమన్నాను.

తర్వాత సీటు విప్పి, తివాచీ ఎత్తి, మేడ మీద ఆరేశాను. దసరా దాకా వానలు బాగానే కొట్టాయి. ప్రతి వాన తర్వాతా వెళ్లి సీటు కింద అరచెయ్యి పెట్టి చూసుకున్నాను. పొడిగానే ఉంది. ఆ ముద్దను మాత్రం పారేయలేదు. ఎండబెట్టి, ప్లాస్టిక్ కవరులో వేసి, ఆయుధపూజకు వెంట తీసుకెళ్లాను. దారిపొడవునా అన్నయ్యను ఏమేం అనాలో వరస పేర్చుకుంటూ వెళ్లాను.

కొట్టు ముందు అరటిపిలకలు కట్టి ఉన్నాయి. అన్నయ్య పెద్ద కారు ముందు, నాది వెనక. పళ్లెం పట్టుకుని వచ్చి, అలవాటుగా పోగులు తీసి నా వైపర్ కిందికి చెయ్యి పోనిచ్చాడు. ఆ చెయ్యి పట్టుకున్నాను.

"ఈడొద్దన్నా. లోపలి అద్దానికి కట్టు."

"ఎప్పుడూ పెట్టే చోటే కదా మా."

"ఎప్పుడూ పెట్టేది చూడు" అని కవరు విప్పాను.

వాసనకు మొహం తిప్పుకున్నాడు. నేను జరిగిందంతా చెప్పాను. విని, "దేవుని పోగు అట్ల చేస్తాదా? ఏదో చెత్త చేరుంటాది" అన్నాడు. అన్నాడే గానీ, ఆ ఎర్ర దారం వైపు ఒకసారి చూసి, పోగులు తీసుకెళ్లి లోపలి అద్దానికి కట్టాడు.

"చుక్క నీళ్లు లేవన్నా. నేను అంగడికి రాను" అన్నాను.

వాదిస్తాడనుకున్నాను. వరస పేర్చుకున్న మాటలన్నీ నోటి దగ్గరే ఉన్నాయి. ఆయన తల ఊపి, పళ్లెం పట్టుకుని లోపలికి వెళ్లాడు. గెలిచినా గెలిచినట్టు లేదు. ప్రసాదం తినకుండా పోకూడదు కదా అని నేనూ లోపలికి వెళ్లాను.

బీరువాల ముందు నిలబడి గారె తింటున్నాను. మా వృత్తివాళ్ల చూపు ఎక్కడున్నా ముందు చీర మడత మీదికే పోతుంది. పట్టుచీరను అప్పుడప్పుడు విప్పి మడత మార్చాలి. లేకపోతే మడత పడ్డ చోట రంగు వెలిసి, జరీ విరుగుతుంది. అక్కడ అరలకు అరలు అలాగే ఉన్నాయి. మడత అంచున తెల్లటి గీత పడి, పోయిన ఏడు నేను చూసిన చీరలు అదే వరసలో ఉన్నాయి. వాటిని ఎవరూ విప్పలేదు, ఎవరూ విప్పమని అడగలేదు. చీరలు పరిచే పనివాళ్లు పూజకు కూడా కనిపించలేదు.

అప్పుడు అర్థమైంది, ఒళ్లు మండింది. ఇంటి పేరు కాదు, చెల్లెలి మీద దయా కాదు. ఆయనకు కావలసింది నా దగ్గర కొనేవాళ్లు.

"ఈ మడతలు ఎప్పుడు మార్చినావన్నా?" అన్నాను. గొంతులో ఎంత విషం పడుతుందో అంతా నింపాను.

అన్నయ్య గల్లాపెట్టె మీద పడ్డ పూలరేకులు ఏరుతూ ఉన్నాడు. తల ఎత్తలేదు. "ఎవురొస్తాండారు మా? ఈ ట్రాఫిక్‌లో ఇంత దూరం ఎవురొస్తారు? ఫోన్లో చూసుకుంటాండారు, తెప్పించుకుంటాండారు. నువ్వొచ్చి కూర్చుంటే నీ వాళ్లన్నా వస్తారని" అన్నాడు. ఇంకో రేకు ఏరి, "నీ కార్లో మన సరుకు ఒక మూట పడతాదా?" అన్నాడు.

అనాల్సిన మాట నా దగ్గర సిద్ధంగానే ఉంది. మంచి మాట, తగిలితే నెలల తరబడి మానదు. అది అనలేదు. దానికి బదులు, "ఊరికే మూట ఇస్తే అమ్ముడుపోతాదా? నీ సరుకు నువ్వే వచ్చి పరుచు. సోమవారం వైట్‌ఫీల్డ్ పోతాండా. వాళ్లు సోఫాలో కూర్చుంటారు, మనం కింద కూర్చోవాల" అన్నాను. అది కూడా ఎత్తిపొడుపే. రానంటాడనే అన్నాను. పుట్టినప్పటి నుంచి ఆయన గల్లాపెట్టె ఎత్తు నుంచి తప్ప కొనేవాళ్లను చూసి ఎరగడు.

ఏరిన రేకులన్నీ పళ్లెంలో వేసి, చేతులు దులుపుకుని అడిగాడు.

"చెప్పులు వాళ్ల వాకిట్లో విడవాల్నా మా, లేకుంటే కార్లోనే విడిచి పోవాల్నా?"